రైజెన్ 5 2600, 25 వేల రూపాయలు: ఏది ముందు మార్చాలి?

ఆటలు తడబడుతున్న మీ కంప్యూటర్‌లో 25 వేలతో ఏది ముందు మార్చాలని అడుగుతూ మీరు రాసిన వివరాలన్నీ ముందు ఒకచోట పెడతాను. ఇదే ఇబ్బంది ఉన్న మరొకరికీ పనికొస్తుంది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్, క్యాబినెట్‌తో పాటు వచ్చిన 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె), 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే) 1080పీ మానిటర్. వాలరెంట్ ఆడుతుంటే ఉండి ఉండి ఒక్క క్షణం బిగుసుకుపోతోంది. జీటీఏ 5లో కారు వేగంగా పోనిస్తే రోడ్డూ భవనాలూ ఆలస్యంగా వస్తున్నాయి. సైబర్‌పంక్ 2077 సెట్టింగులన్నీ తగ్గించినా సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు) దాటడం లేదు. నాన్నగారు ఇస్తామన్నది 25 వేలు, ఆ తర్వాత ఏడాది దాకా అడిగే పరిస్థితి లేదు. షాపువారేమో ప్రాసెసర్ పాతబడిందనీ, బోర్డుతో సహా ఇంటెల్ 12వ తరానికి మారమనీ, కార్డు సంగతి తర్వాత చూద్దామనీ అన్నారు.

ఆ సలహా పక్కన పెట్టండి. వాళ్లు మిమ్మల్ని మోసం చేస్తున్నారని నేను అనను. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి అమ్మితే వాళ్లకు ఒక పూట పని, ఒక బిల్లు. మీ యంత్రంలో ఏది అడ్డం పడుతోందో కూర్చుని కనిపెట్టడానికి పట్టే సమయానికి మాత్రం ఎవరూ డబ్బివ్వరు. ఆ పని మీరే చేసుకోవాలి.

సైబర్‌పంక్‌నే తీసుకోండి. 2023లో 2.0 అప్‌డేట్‌తో ఆ గేమ్ కనీస అవసరాలు పెరిగాయి. రైజెన్ 5 1600 లేదా కోర్ ఐ7-6700 ప్రాసెసర్, 12 జీబీ ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1060 లేదా 8 జీబీ ఆర్ఎక్స్ 580 కార్డు, 70 జీబీ ఖాళీ ఉన్న ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, వేగంగా చదివే డిస్క్). ఇప్పుడు మీ యంత్రాన్ని దాని పక్కన పెట్టి చూడండి. ర్యామ్ చాలదు. కార్డు చాలదు. హార్డ్ డిస్క్ అసలు లెక్కలోకే రాదు. నాలుగింటిలో నెగ్గింది ప్రాసెసర్ ఒక్కటే, షాపువారు మార్చమన్నది సరిగ్గా దాన్నే. 25 వేలూ దానికి పోస్తే నిగనిగలాడే కొత్త బోర్డు మీద అదే 1050 టీఐ కూర్చుంటుంది, సైబర్‌పంక్ అదే 30 దగ్గర కూలబడుతుంది.

డబ్బు తీసే ముందు ఒక సాయంత్రం కొలతకు కేటాయించండి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితం, ఏ కంపెనీ కార్డుతోనైనా నడుస్తుంది. దానితో పాటు వచ్చే రివాట్యూనర్ కూడా వేసుకుంటే ఆట నడుస్తుండగానే తెర మూలన అంకెలు కనిపిస్తాయి. కార్డు వాడకం, కార్డులోని మెమరీ వాడకం, ర్యామ్ వాడకం, ప్రాసెసర్‌లో ఒక్కొక్క థ్రెడ్ (ఒకేసారి నడిచే పని వరుస) వాడకం, ఫ్రేమ్ టైమ్ (ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం) ఎంచుకోండి. అన్నిటికన్నా ముఖ్యం ఆ చివరిది. 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. సగటు 90 ఫ్రేములు చూపిస్తున్నా, మధ్యలో ఒక్క ఫ్రేము 200 మిల్లీసెకన్లు తీసుకుంటే ఆడేవాడి చేతికి తెలిసేది ఆ ఒక్కటే. మీరు వాలరెంట్‌లో బిగుసుకుపోతోందని చెప్పింది అదే. సగటు చూసి కార్డు కొన్నవాళ్లలో చాలామంది కొన్న తర్వాత కూడా అదే ఫిర్యాదుతో తిరిగొస్తారు.

కార్డు వాడకం ఎప్పుడూ 97, 98, 99 దగ్గర నిలబడి ఉంటే కార్డే హద్దు. అది 60, 70 మధ్య ఊగుతూ ఫ్రేములు పెరగకపోతే అడ్డు మరోచోట ఉంది. అయితే ఫ్రేములకు పరిమితి పెట్టలేదనీ, వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) ఆపి ఉందనీ ముందే చూసుకోండి, లేకపోతే ఈ అంకెలకు అర్థం ఉండదు. ప్రాసెసర్ మొత్తం వాడకం 45 శాతమే కాబట్టి దాని తప్పేమీ లేదని తేల్చేయడం కూడా కుదరదు. మీ 2600లో 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉన్నాయి, ఆట తన పనిని వాటికి సమానంగా పంచలేదు. ఆరుగురు వంటవాళ్లున్న పెళ్లి వంటశాలలో తాలింపు వేసేది ఒక్కడే అయితే మిగతావాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడాల్సిందే. అందుకే థ్రెడ్లను విడివిడిగా చూడమన్నాను. ఒకటి రెండు థ్రెడ్లు 95 దాటి, కార్డు ఖాళీగా ఉంటే అప్పుడు ప్రాసెసర్‌ను అనుమానించండి.

ఇంకా సులువైన పరీక్ష ఒకటుంది. ఆటలో అదే చోట నిలబడి రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించండి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు మీద భారం తగ్గినట్టు, అంటే అడ్డు కార్డే. పెద్దగా కదలకపోతే ప్రాసెసరో ర్యామో. మీ సైబర్‌పంక్ మీద ఇది చేస్తే జవాబు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ మూడు ఇబ్బందుల సంగతి. మీరు మూడూ ఒకే రోగం అనుకుంటున్నారు. నాకు మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు కనిపిస్తున్నాయి.

వాలరెంట్ 1050 టీఐకి బరువైన ఆట కాదు, మీ 60 హెర్ట్జ్ మానిటర్‌కు కావలసినన్ని ఫ్రేములు అది సునాయాసంగా ఇస్తుంది. ఉన్నట్టుండి ఆగుతోందంటే నా అనుమానం ర్యామ్ మీద. విండోస్, వాన్‌గార్డ్ (వాలరెంట్‌లో మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్), మాటలకు డిస్కార్డ్, పది ట్యాబులతో బ్రౌజర్, వీటి మీద ఆట. 8 జీబీ నిండిపోగానే విండోస్ కొంత సరుకును హార్డ్ డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి తోస్తుంది. మళ్లీ అది కావలసి వచ్చినప్పుడు తిరిగే పళ్లెం మీద వెతికి తేవాలి, అంతసేపూ ఆట ఆగుతుంది. నిర్ధారణ కష్టం కాదు. టాస్క్ మేనేజర్‌ను పక్కన తెరిచి ఉంచండి, ఆగిన క్షణంలోనే డిస్క్ 100 శాతానికి లేస్తోందేమో చూడండి. తర్వాత బ్రౌజర్ మూసేసి ఆడండి. తేడా ఉంటే ఇక ఆలోచించేదేమీ లేదు.

జీటీఏలో భవనాలు ఆలస్యంగా రావడానికి కారణం దాదాపుగా హార్డ్ డిస్కే. ఆ ఆట ఊరంతా ఒకేసారి మెమరీలోకి తీసుకోదు, మీరు పోయే కొద్దీ ముందున్న వీధిని డిస్క్ నుంచి లాగుతుంది. హార్డ్ డిస్క్ ఒకే పెద్ద ఫైలును వరుసగా చదవమంటే సెకనుకు 100, 150 ఎంబీ దాకా ఇస్తుంది గానీ, చిన్న చిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి తెమ్మంటే ఆ వేగం ఘోరంగా పడిపోతుంది. 2025 మార్చిలో వచ్చిన జీటీఏ 5 ఎన్‌హాన్స్‌డ్ రూపానికి ఎస్ఎస్‌డీ తప్పనిసరి చేశారు కూడా. సైబర్‌పంక్ సంగతి సరే, అది కార్డే. ఈ మూడింటిలో ఒక్కటైనా ప్రాసెసర్ దగ్గరికి వెళ్లిందా?

కాబట్టి నా వరుస ఇది: ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, ఆఖరున కార్డు. ఎక్కువ డబ్బు కార్డుకే పోతుంది, అయినా కొనడం మాత్రం చివరే. మొదటి మూడూ వేశాక ఒకటి రెండు వారాలు ఆడండి. అప్పుడు మీ కార్డు నిజంగా ఎంత ఇవ్వగలదో బయటపడుతుంది, దేని కోసం ఎంత పెట్టాలో మీకే తెలుస్తుంది.

ర్యామ్ దగ్గర కాస్త ఆగుతాను, మన దగ్గర అసెంబుల్ చేయించిన యంత్రాల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. ఒకే స్టిక్ అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఒకే చానల్, ఒకే దారి. 2666 వేగం ఉన్న డీడీఆర్4 స్టిక్ ఒకటి ఉంటే ప్రాసెసర్‌కు సెకనుకు గరిష్ఠంగా 21.3 జీబీ అందుతుంది, రెండు ఉంటే 42.6. మీకు పెరిగేది 8 జీబీ చోటు మాత్రమే కాదు, దారి కూడా రెండింతలవుతుంది. 2600 లాంటి పాత రైజెన్లకు ఇది మరీ ముఖ్యం. వాటిలో కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులుగా ఉంటాయి, ఆ గుంపులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ వేగం ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది. ర్యామ్ నెమ్మదిస్తే ప్రాసెసర్ లోపలి సంభాషణ కూడా నెమ్మదిస్తుంది.

సీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకుని మెమరీ ట్యాబ్ తెరవండి. అక్కడ చానల్ దగ్గర సింగిల్ అనో, కొత్త వెర్షన్లలో 1 x 64-bit అనో ఉంటుంది. దాని కింద డీర్యామ్ ఫ్రీక్వెన్సీ 1333 దగ్గర ఉంటే మీ ర్యామ్ 2666 మీద నడుస్తున్నట్టు, అక్కడ కనిపించేది అసలు వేగంలో సగం. 1066 అనో 1200 అనో ఉండి, స్టిక్ మీది లేబుల్ 3000 అనో 3200 అనో చెబుతుంటే, కొన్న రోజు నుంచీ డబ్బు పెట్టిన వేగం మీకు అందలేదన్నమాట. బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలవగానే బోర్డు నడిపే సెట్టింగుల తెరలోకి) వెళ్లి, ర్యామ్‌ను లేబుల్ మీది వేగంతో నడిపే ఎక్స్ఎంపీ ప్రొఫైల్ ఆన్ చేయాలి. ఆసుస్ బోర్డుల్లో అదే సెట్టింగును డీఓసీపీ అంటారు. పైసా ఖర్చు లేని పని, అయినా అసెంబుల్ చేసినవాళ్లు చేయకుండా వదిలేసిన యంత్రాలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. 2600కు అధికారికంగా చెప్పిన వేగం 2933 వరకే. 3200 పెడితే తడబడుతోందనిపిస్తే 2933కు దించండి, కంగారు పడాల్సిన పనిలేదు.

రెండో స్టిక్ కూడా 8 జీబీయే తీసుకోండి, వేగం మొదటిదానికి సరిపోవాలి, కుదిరితే కంపెనీ కూడా అదే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మెమరీ తయారీదారులు ఏఐ సర్వర్లకు మొగ్గు చూపడంతో మామూలు ర్యామ్‌కు కరువొచ్చింది. అందుకే మీ బోర్డుకు పట్టే డీడీఆర్4 ర్యామ్ విషయంలో సెకండ్‌హ్యాండ్‌కు నేను వెనుకాడను. అరిగిపోయే భాగమేదీ దానిలో లేదు, పాడైతే మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ ఒక రాత్రిలో పట్టేస్తుంది. ఈ ధరల్లో షాపువారి మాట విని 12వ తరానికి వెళ్తే, బోర్డును బట్టి కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ కూడా మీ మెడకు చుట్టుకునేది. ఇంకో మాట. నాలుగు స్లాట్లున్న బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో దానిలో, నాలుగో దానిలో పెట్టండి. మొదటి రెండింటిలోనో చివరి రెండింటిలోనో పెడితే రెండూ ఒకే చానల్ మీద కూర్చుంటాయి, కొన్న ప్రయోజనంలో సగం పోతుంది.

ఎస్ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పను. 500 జీబీకి తగ్గవద్దు, విండోస్, సైబర్‌పంక్, జీటీఏ మూడూ పెట్టగానే సగం నిండుతుంది. మీ బోర్డులో ఎం.2 స్లాట్ ఉంటుంది కాబట్టి నేరుగా దానిలో కూర్చునే ఎన్‌వీఎంఈ రకం తీసుకోవచ్చు, దానికన్నా నెమ్మదైన సాటా రకం చవగ్గా దొరికితే అదైనా సరే. మీరు ఆడే ఈ ఆటల్లో రెండింటికీ తేడా స్టాప్‌వాచ్‌కు తెలుస్తుంది, కళ్లకు తెలియదు. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు నకలు (క్లోన్) చేయకుండా విండోస్ 11 కొత్తగా వేయండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, మీ 2600 మాత్రం విండోస్ 11 జాబితాలో ఉంది. బయోస్‌లో ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగులూ ఆన్ చేసిన తర్వాతే ఇన్‌స్టాల్ చేయండి. విండోస్ 11 మీద ఆ రెండూ లేకపోతే వాలరెంట్ తలుపు తీయదు. పాత హార్డ్ డిస్క్ అలాగే ఉంచుకోండి, సినిమాలకూ ఫోటోలకూ అది చాలు.

ఇక ఎస్ఎంపీఎస్. క్యాబినెట్ పక్క పలక విప్పి, దాని మీది లేబుల్ చదవండి. 450 అనే పెద్ద అంకెను పట్టించుకోకండి. చిన్న పట్టికలో 12 వోల్టులు అని రాసిన గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి, దాన్ని 12తో గుణించండి. క్యాబినెట్‌తో వచ్చే వాటిలో అక్కడ 16 అని ఉండటం నేను తరచూ చూస్తాను. 16ను 12తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, కార్డు తినేది ఈ 12 వోల్టుల నుంచే, మిగతా వాట్లు 5, 3.3 వోల్టుల గడుల్లో లెక్క నింపడానికి కూర్చుంటాయి. ఇప్పటిదాకా నెట్టుకొచ్చిందంటే 1050 టీఐ 75 వాట్లకు మించి అడగదు కాబట్టి. రేపు 132 వాట్ల కార్డు పెడితే, ప్రాసెసర్ ఆటలో 80 వాట్ల దాకా తీసుకుంటే, ఫ్యాన్లూ డిస్కులూ బోర్డూ ఇంకో 30, 40. పైగా కార్డు క్షణకాలం తన సగటు కన్నా బాగా ఎక్కువ లాగుతుంది. 192 ఏ మూలకూ రాదు. మన ఎండాకాలపు 40 డిగ్రీల గదిలో, దుమ్ము పేరుకున్న ఫ్యాన్‌తో, ఆ 192 కూడా ఇస్తుందని నమ్మకం పెట్టుకోకండి.

80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉన్న 550 వాట్ల ఎస్ఎంపీఎస్, పేరున్న కంపెనీది, కొత్తది, ఐదేళ్ల వారంటీతో తీసుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో నేను ఏ ధరకూ తీసుకోనిది ఇదొక్కటే. ఇది పోయేటప్పుడు ఒంటరిగా పోకపోవచ్చు, బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోగలదు. యూపీఎస్ ఉందని మీరు రాయలేదు. ఉంటే అది 600 వీఏ రకమే అయ్యుంటుంది, వాటిలో చాలావాటి సామర్థ్యం 360 వాట్లు. కరెంటు పోయినప్పుడు ఆట ఆపి షట్‌డౌన్ చేయడానికి సరిపోతుంది, ఆట పూర్తి చేయడానికి కాదు.

ఈ మూడింటికీ పది పదకొండు వేలు అవుతాయనుకుంటే మీ దగ్గర మిగిలేది 14 వేలు. ధరలు వారానికొక రకంగా ఉన్నాయి కాబట్టి ఆన్‌లైన్ ధర చూసుకుని మరీ షాపుకు వెళ్లండి. హైదరాబాద్ వెళ్లే వీలుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగైదు షాపుల్లో అడిగి, మోడల్ నంబరుతో సహా కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా చెప్పిన ధర బిల్లు వేసే వేళకు మారుతుంటుంది.

కార్డు దగ్గర నా మాట సూటిగా చెబుతాను: 8 జీబీ ఆర్ఎక్స్ 6600. 2021 అక్టోబరులో వచ్చింది, 132 వాట్లు, ఒక 8 పిన్ కేబుల్ చాలు, 1080పీకి కొలిచి కుట్టించినట్టు ఉంటుంది. కొత్తది మీ 14 వేలకు రాదు. సెకండ్‌హ్యాండ్‌లో, బిల్లుతో, కుదిరితే కొంత వారంటీ మిగిలి ఉన్నది వెతకండి. కొత్తదే కావాలని ఇంట్లో పట్టుబడితే ఆ పరిధికి దగ్గరగా కనిపించేది 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050. అది 70 వాట్లే, విడిగా కేబుల్ కూడా అక్కర్లేదు, తక్కువ రిజల్యూషన్ బొమ్మను పెంచి చూపించి ఫ్రేములు పెంచే డీఎల్ఎస్ఎస్ వస్తుంది. కానీ వేగంలో 6600 ముందు తేలిపోతుంది. వారంటీ కోసం అంత వేగం వదులుకోవడం నాకైతే ఇష్టం ఉండదు. మీ ఇంట్లో మాట మీకు తెలుసు.

ఇదే ధరల చుట్టుపక్కల మీకు చూపించే మరికొన్ని కార్డులున్నాయి, వాటి జోలికి పోకండి. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ పేరు చూస్తే 6600కు తమ్ముడిలా ఉంటుంది. దానికి బోర్డుతో మాట్లాడటానికి ఉన్నవి నాలుగు లేన్లే (సమాచారం పోయే దారులు), మెమరీ 4 జీబీయే. కార్డు కూర్చునే స్లాట్ పీసీఐఈ 4.0 రకమైన బోర్డులో ఎలాగో నెట్టుకొస్తుంది. మీ బీ450లో ఉన్నది పీసీఐఈ 3.0, లేనుకు సెకనుకు ఒక జీబీ చొప్పున నాలుగు లేన్లకు నాలుగే. 4 జీబీ నిండి, మిగతాది ర్యామ్ నుంచి ఆ ఇరుకు దారిలో తెచ్చుకోవలసి వచ్చినప్పుడు ఫ్రేములు కుప్పకూలుతాయి. 6600కు ఎనిమిది లేన్లు, 8 జీబీ మెమరీ ఉన్నాయి కాబట్టి మీ బోర్డులో దానికి కలిగే నష్టం స్వల్పం.

పేర్లతో చేసే గారడీ కూడా తెలుసుకోండి. 3050 అని ఒకే పేరుతో 8 జీబీది, 6 జీబీది ఉన్నాయి. తేడా మెమరీలోనే కాదు, కోర్లు 2560 నుంచి 2304కు, మెమరీ దారి 128 బిట్ల నుంచి 96కు తగ్గాయి. ఆర్ఎక్స్ 580లో 2304 కోర్లు ఉండాలి, 2048 కోర్లతో ఇంకొకటి అదే పేరు మీద తిరుగుతోంది. జీటీ 1030 అయితే మరీ అన్యాయం. వేగమైన జీడీడీఆర్5 మెమరీ తీసేసి డీడీఆర్4 పెట్టి అదే పేరుతో అమ్మారు, మెమరీ వేగం సెకనుకు 48 జీబీ నుంచి 17 లోపుకు పడింది. కాబట్టి షాపులో పేరు చెప్పి ఊరుకోకండి. మెమరీ ఎంత, ఏ రకం, ఎన్ని బిట్లు అని అడగండి, జవాబును బిల్లు మీద రాయించండి.

జీటీఎక్స్ 1660 సూపర్ చాలామంది సూచిస్తారు. 2019 నాటి మంచి కార్డు, బాగా చవగ్గా వస్తే తప్పుపట్టను. దానిలో రే ట్రేసింగ్ (వెలుతురు కిరణాలను లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) హార్డ్‌వేర్ లేదు. ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, డూమ్: ద డార్క్ ఏజెస్ లాంటి కొత్త ఆటలు అది లేనిదే మొదలుకావు. రే ట్రేసింగ్ ఆన్ చేసి ఆడేంత బలం 6600కూ లేదు, కనీసం గుమ్మం దగ్గరే ఆగిపోదు. మీ 1050 టీఐ విషయానికొస్తే, ఎన్విడియా 10 సిరీస్ కార్డులకు కొత్త ఆటల కోసం డ్రైవర్లు ఇవ్వడం 2025 అక్టోబరుతో ఆపేసింది, 2028 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రం వస్తాయి. ఉన్న ఆటలు ఆడినంతకాలం ఆడవచ్చు. డబ్బు పెట్టి మరో 10 సిరీస్ కార్డు కొనడం మాత్రం ఇప్పుడు తగదు.

పాత కార్డు కొనేటప్పుడు ఫోటోలు చూసి డబ్బు పంపకండి. అమ్మేవారి యంత్రంలోనే నడుపుతుండగా చూడండి. ముందు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ సాఫ్ట్‌వేర్ తెరవమనండి. 6600 అయితే షేడర్లు (కార్డులోని కోర్లు) 1792, బస్ (మెమరీ దారి) వెడల్పు 128 బిట్లు ఉండాలి. కార్డులోని బయోస్ మార్చి చిన్న కార్డును పెద్ద కార్డుగా చూపించే మోసాలు దీనిలో చాలావరకు దొరికిపోతాయి. తర్వాత ఏదైనా బరువైన ఆటనో, కార్డును పరీక్షించే యునిజిన్ హెవెన్ సాఫ్ట్‌వేర్‌నో ఇరవై నిమిషాలు నడపమని, సెన్సర్ల ట్యాబ్‌లో రెండు అంకెలు చూడండి: కార్డు ఉష్ణోగ్రత, హాట్ స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటు). వాటి మధ్య 15, 20 డిగ్రీలుంటే మామూలే. 30 దాటితే చిప్ వేడిని కూలర్‌కు చేర్చే పేస్ట్ ఎండిపోయింది, లేదా ఎవరో విప్పి సరిగ్గా బిగించలేదు. ఫ్యాన్‌ను వేలితో తిప్పి చూడండి, ఊగినా గరగరలాడినా ధర తగ్గించమనండి. వెనుక స్క్రూల మీది స్టిక్కర్ చిరిగిందా, కార్డు మీది సీరియల్ నంబరు బిల్లు మీది దానితో కలుస్తోందా చూసుకోండి. క్రిప్టో మైనింగ్‌లో (రాత్రింబవళ్లు లెక్కలు చేయించి డిజిటల్ నాణేలు సంపాదించడంలో) వాడారా అని అందరూ అడుగుతారు, అందరూ లేదనే అంటారు. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే నాణేనికి కార్డులతో పనిలేని పద్ధతి వచ్చాక ఆ కార్డుల్లో చాలా బజారులోకి వచ్చాయి, కాబట్టి 2021, 22 నాటి కార్డయితే వాడే ఉంటారనుకుని పరీక్షించండి. పరీక్షలన్నీ నెగ్గితే ఆ చరిత్ర ఒక్కటే చూసి నేను వద్దనను.

ఇదంతా అయ్యాక కూడా ప్రాసెసర్ మీద మనసుంటే, దానికీ ఒక సమయం ఉంది. రేపు మీరు 144 హెర్ట్జ్ మానిటర్ కొని వాలరెంట్‌లో ఆ ఫ్రేములన్నీ తడబాటు లేకుండా కావాలనుకుంటే, అప్పుడు 2600 నిజంగానే అడ్డం పడుతుంది. ఫ్రేముకు 6.9 మిల్లీసెకన్లే ఉంటాయి మరి. అప్పుడైనా బోర్డు మార్చక్కర్లేదు. అదే ఏఎం4 సాకెట్‌లో (ప్రాసెసర్ కూర్చునే చోటులో) రైజెన్ 5 5600 కూర్చుంటుంది. 2600లో కోర్ల గుంపు ఒక్కొక్కదానికి 8 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) ఉంటుంది. 5600లో ఆరు కోర్లూ కలిసి 32 ఎంబీని పంచుకుంటాయి. ఆటల్లో వచ్చే లాభంలో పెద్ద భాగం ఇక్కడి నుంచే. పేరు దగ్గర ఇక్కడా జాగ్రత్త. 5500, 5600జీ రెండింటిలోనూ క్యాష్ 16 ఎంబీయే. కొంచెం తక్కువకు ఇస్తామని అవి అంటగడతారు.

ప్రాసెసర్ మార్చే రోజు వచ్చినప్పుడు బయోస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చేయండి. మీ బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో సీపీయూ సపోర్ట్ జాబితా ఉంటుంది, 5600కు ఏ వెర్షన్ కావాలో అందులో రాసి ఉంటుంది. కొన్ని బోర్డులకు నేరుగా చివరి వెర్షన్‌కు వెళ్లకుండా మధ్యలో ఒకదాని మీద ఆగి వెళ్లాలి, అక్కడి సూచనలు పూర్తిగా చదవండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది, కాబట్టి యూపీఎస్ ఉన్నవాళ్లింట్లో చేసుకోవడం మేలు. అప్‌డేట్ అయ్యాక సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ఎక్స్ఎంపీ, ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయండి, లేదంటే నిన్నటిదాకా నడిచిన వాలరెంట్ ఈరోజు నడవదు.

కూలర్ తీసేటప్పుడు ఇంకొంచెం నిదానం. ఏఎం4 ప్రాసెసర్ల కింద 1331 సన్నని పిన్నులుంటాయి. పేస్ట్ గట్టిపడితే కూలర్‌ను పైకి లాగగానే ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని, సాకెట్ లివర్ వేసి ఉండగానే ఊడి వస్తుంది. పిన్నులు వంగేది అప్పుడే. ముందు ఒక పావుగంట ఆటేదైనా నడిపి వేడెక్కించి, షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, స్క్రూలు విప్పాక కూలర్‌ను కుడికీ ఎడమకూ మెల్లగా మెలితిప్పండి. జారుతున్నట్టు చేతికి తెలిశాకే పైకి ఎత్తండి.

పాత కార్డును షాపులో ఎక్స్చేంజ్ కింద ఇచ్చేయకండి, వెయ్యో రెండు వేలో అని చేతులు దులుపుకుంటారు. 1050 టీఐలో చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. ఆఫీసుల నుంచి వచ్చిన పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు కొన్నవాళ్లు ఎస్ఎంపీఎస్ మార్చలేక సరిగ్గా ఇలాంటి కార్డు కోసమే వెతుకుతుంటారు. పెట్టె, బిల్లు ఉంటే ఫోటోలతో మీరే అమ్మకానికి పెట్టండి. మీ కార్డుకు పక్కన 6 పిన్ సాకెట్ ఉందో లేదో ఫోటోలో స్పష్టంగా చూపించండి, కొనేవాళ్లు మొదట అడిగేది అదే.